అరవై తీగలకు తలంటు

ఆదివారం పొద్దున్నే రాజ్‌కుమార్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. చాయ్ తాగాలి, స్నానం చేయాలి, చర్చి గంట కొట్టేలోపు కొత్త వాద్యం మీద డి కార్డు ఒక్కటి తప్పు లేకుండా వాయించాలి. మొదటి పని సాఫీగా జరిగింది. రెండోది జరుగుతుండగానే మూడోది జరగకుండా పోయింది.

ఆ ఒక్క కార్డు మీదే అతని పరువంతా ఆధారపడి ఉంది. ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో గుమాస్తా అయిన రాజ్‌కుమార్, తమ చర్చి పాటల బృందంలో పద్దెనిమిదేళ్లు కీబోర్డు వాయించాడు. మొన్న ఈస్టరుకు జీవన్ అనే ఉద్యోగి ఆ ఊరికి బదిలీ మీద వచ్చాడు. వస్తూ వస్తూ ఒక కొత్త కీబోర్డు తెచ్చాడు. దాని మీద ఒక్క వేలు పెడితే చాలు, డ్రమ్ములు మోగుతాయి, వయొలిన్లు ఏడుస్తాయి, వెనకాల పదిమంది ఊ కొడతారు. పది వేళ్ల రాజ్‌కుమార్‌ను ఒక్క వేలి జీవన్ పక్కకు జరిపేశాడు. కీబోర్డులో బోర్డు పోయి రాజ్‌కుమార్‌కు కీ ఒక్కటే మిగిలింది, అదీ చర్చి బీరువాది.

"కొత్తదేదన్న నేర్సుకొని రా రాజ్‌కుమార్. మన చర్చి కోత పండుగ నాడు సక్కగ వాయిస్తే నీ కుర్చీ నీకే" అన్నారు పాస్టరుగారు.

అదృష్టం బాగుండి, కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో రెండు శనివారాల వర్క్‌షాపు పెట్టారు. నేర్పే ఆయన సికింద్రాబాదు నుంచి వచ్చిన దేవరాజ్ సార్. నేర్పేది డల్సిమర్. అంటే మన సంతూరుకు దొరల సీమలో పుట్టిన మేనబావ లాంటిది. రెండు పక్కలా ఏటవాలుగా కోసిన చెక్కపెట్టె, దాని మీద జంటలు జంటలుగా అరవై తీగలు, కొట్టడానికి చేతికో చిన్న చెక్క సుత్తి.

"ఇన్నేండ్లు నోటితోని కొట్టినవ్ సుత్తి. ఇప్పుడు చేతితోని గుడ కొడతవా?" అంది భార్య గ్లోరీ.

మొదటి శనివారమే దేవరాజ్ సార్ కిటుకు చెప్పేశారు. "గుర్తు పెట్టిన తీగ కొట్టండి, పక్కది వదిలేయండి. తర్వాతది కొట్టండి, ఇంకోటి వదిలేయండి, ఇంకోటి కొట్టండి. మూడు స్వరాలూ కలిసి మోగితే అదే కార్డు." వినడానికి అంత సులువే. చేతికొచ్చేసరికి కొట్టాల్సింది వదిలేసి, వదలాల్సింది కొట్టేవారు అందరూ.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఆరుగురు. ఆరుగురికీ ఆరు డల్సిమర్లు వారం రోజులకు అప్పగిస్తూ దేవరాజ్ సార్ చివరగా ఒక మాట చెప్పారు. "వచ్చే శనివారం డి, జి, ఎ... మూడు కార్డులు వాయించినవాళ్లకే సర్టిఫికెట్టు. వాద్యం కూడా ఏడాదిపాటు వాళ్ల దగ్గరే ఉంచుకోవచ్చు. కానీ దీనికి నూనె తగలకూడదు, తడి తగలకూడదు, ఎండ తగలకూడదు. ఇవి తీగలు కావు, నా నరాలు."

ఆ నరాలను ఒళ్లో పెట్టుకుని రాజ్‌కుమార్ ఎల్లారెడ్డి బస్సెక్కాడు. సర్టిఫికెట్టు వచ్చే శనివారం. కోత పండుగ ఆ మర్నాడే. లెక్క సరిగ్గా సరిపోయింది. లెక్కలో లేనిది చంద్రవ్వ.

చంద్రవ్వ రాజ్‌కుమార్ తల్లి. నలభై ఏళ్లు బీడీలు చుట్టి, ఇప్పుడు ఇల్లు చుట్టి వస్తోంది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కొత్త వస్తువేదైనా సరే, వాడకముందు దానికి చంద్రవ్వ ప్రార్థన నూనె పెట్టాలి. పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె సీసా ఆమె దిండు పక్కనే ఉంటుంది. మిక్సీకి పెట్టింది, స్కూటీకి పెట్టింది, ఫోను చార్జరుకు పెట్టబోతే గ్లోరీ దణ్ణం పెట్టి ఆపింది. ఏ వస్తువుకైనా ఒక్క చుక్కే. ఆదివారం పొద్దున రాజ్‌కుమార్ స్నానానికి వెళ్లగానే డల్సిమర్ ముందు కూర్చుంది. ఒక తీగకు చుక్క పెట్టింది. పక్క తీగ కేసి చూసింది. మనసొప్పలేదు.

రాజ్‌కుమార్ తల తుడుచుకుంటూ వచ్చి సుత్తి ఎత్తి కొట్టాడు. టింగుమనాల్సింది తుప్పుమంది. సుత్తి సర్రున జారి ఆ చివరకు పోయింది.

"అవ్వా! ఏం వెట్టినవే దీనికి?"

"ఆశీర్వాదం వెట్టిన."

"ఎంత వెట్టినవ్?"

"సగం సీస" అంది చంద్రవ్వ నిబ్బరంగా. "ఒక్క తీగకు వెట్టి తక్కినయిటిని ఇడిసిపెడితె ఎట్ల కొడుకా? గవేం పాపం జేసినయి?"

తంతి వాద్యానికి తంతు ముగిసింది. ఇక దేవరాజ్ సార్ తంతారా లేదా అన్నదే మిగిలింది.

"పాత చీర గుడ్డతోని మెల్లగ తుడుస్త, ఆగు" అంది గ్లోరీ.

మెల్లగా చేస్తే అతను రాజ్‌కుమార్ ఎందుకవుతాడు? "తలకు నూనె వెడితె ఏం జేస్తం? శనగపిండి రాస్తం. గిది సైన్సు గ్లోరీ" అంటూ డబ్బా బోర్లించాడు. పొడి పిండి నూనెను పీల్చుకుంటుందని అతని నమ్మకం. అది పీల్చుకుంది కూడా. పీల్చుకుని అక్కడే ఉండిపోయింది. పది నిమిషాల్లో అరవై తీగల కింద బజ్జీల పిండి తయారైంది. ఉల్లిగడ్డ ఒక్కటే తక్కువ.

"నేను నూనెనే వెట్టిన. నువ్వు పిండి గుడ కలిపినవ్. పొయ్యి ముట్టియ్యాల్నా మల్ల?" అని అడిగింది చంద్రవ్వ.

"ఎండితె అదే రాల్తది" అన్నాడు రాజ్‌కుమార్. అలా నూనె అయింది, ఇక ఎండ వంతు. సోమవారం పొద్దున డల్సిమర్‌ను వాకిట్లో మంచం మీద ఆరబెట్టి, తల్లిని కాపలా పెట్టి, బడికి వెళ్లాడు. గ్లోరీ చీరల కుచ్చులు అల్లుతుంది. అల్లినవి ఇచ్చి రావడానికి ఆమె బజారుకు వెళ్లింది.

పదకొండు గంటలకు చర్చి బృందం వాట్సప్‌లో జీవన్ ఒక రికార్డింగు పెట్టాడు. ఇరవై రెండు సెకన్లు. టిక్, టింగ్, టిటిటింగ్, టిక్కుటింగ్. కింద ఒక మాట కూడా రాశాడు. "రాజ్‌కుమార్ అన్న ఇంటి గోడ పక్క నుంచి పోతుంటే వినిపించింది. రెండు రోజుల్లో ఏం స్పీడు వచ్చిందన్నా! చేతులా అవి, మిషనా?"

రాజ్‌కుమార్ బడి రిజిస్టర్ల మధ్య కూర్చుని దాన్ని మూడుసార్లు విన్నాడు. నిజంగానే బాగుంది. మధ్యలో ఆగడం, మళ్లీ గబగబా అందుకోవడం... ఎవరో బాగా చేయి తిరిగినవాళ్ల పని. ఎల్లారెడ్డిలో తనకు తెలియకుండా అంత విద్వాంసులు ఎవరా అని ఆలోచిస్తుండగానే అదే వాట్సప్‌లో పాస్టరుగారి గొంతు వచ్చింది. "దేవునికి స్తోత్రం రాజ్‌కుమార్! పండుగ కాయిదంల నీ పేరు ఏపించినం. ప్రత్యేక వాద్యం, రాజ్‌కుమార్. అచ్చుకు ఇచ్చేసినం."

స్కూటీ మీద ఇంటికి ఎగిరి వచ్చాడు. వాకిట్లో చంద్రవ్వ కాపలా కాస్తూనే ఉంది, కళ్లు మూసుకుని. ప్రార్థనలో ఉన్నానంది. గురక పెట్టే ప్రార్థన అది. మంచం మీద మాత్రం కచేరీ సాగుతోంది. పక్కింటి భూమక్క కోడి తీగల నడుమ పిండి ఏరుకుని తింటోంది. ముక్కుతో పొడిచినప్పుడల్లా టింగ్. కాలు మార్చినప్పుడల్లా టిక్.

"ఓ భూమక్కా! నీ కోడి జూడు, ఏం జేస్తుందో!"

భూమక్క గోడ మీంచి తొంగి చూసింది. "పిండే తిన్నది గద తమ్మి, తీగలైతె తినలే. ముక్కుకేమన్న గుచ్చుకుందా? జర జూడు" అంది.

సాయంత్రం గ్లోరీ అంతా విని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నిజం చెప్పెయ్. గా వాయించింది నేను గాదు, కోడి అని చెప్పు."

"చెప్తె ఏమంటరో ఎర్కేనా? పండుగకు కోడిని తోల్కరా అంటరు. అది గుడ వండేదానికి గాదు, వాయించేదానికి!"

కోడితో పోటీ, జీవన్‌తో పోటీ, మధ్యలో శనివారంతో పోటీ. మంగళవారం నుంచి దంపతులు ఇద్దరూ ఆ పెట్టె ముందు కూర్చున్నారు. తీగ వదులు చేస్తే తప్ప కింది పిండి రాదు. వదులు చేస్తే శ్రుతి పోతుంది. శ్రుతి చేసే తాళంచెవిని దేవరాజ్ సార్ ఇచ్చారు గానీ దాన్ని తిప్పితే తీగ తెగుతుందేమోనని రాజ్‌కుమార్ వెనక్కి జరిగాడు. గ్లోరీ తీసుకుంది. కుచ్చులు అల్లే కొక్కెంతో పిండి లాగింది, గుడ్డతో తుడిచింది, తీగ బిగించింది, సుత్తితో ఒక దెబ్బ కొట్టింది. రాజ్‌కుమార్ గోడకు ఆనుకుని, ఫోనులో శ్రుతి చూపే ముల్లు మీద కన్నేసి, చేతిలో సార్ ఇచ్చిన తీగల పటం పట్టుకుని పేర్లు చదివాడు.

"గిది డి. ఇంక జర బిగించు... ఆఁ, చాలు. దాని పక్కది ఇ. దాని పైది ఎఫ్ షార్పు."

"అంటె ఒకటి, మూడు, అయిదు కలిపితె మీ సార్ చెప్పిన కార్డు గదా?"

"గవన్ని నీకెందుకు? నువ్వు తుడువు."

బుధవారం తుడిచింది. గురువారం మళ్లీ జిడ్డు తేలితే మళ్లీ తుడిచింది. శుక్రవారం ఎండకు వదులైన తీగలు మళ్లీ బిగించింది. ప్రతి తీగనూ నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు కట్టింది. గురువారం నుంచి ఫోను ముల్లు కదలకముందే "తక్కువుంది" అనడం మొదలుపెట్టింది. రాజ్‌కుమార్ ఫోను వంక అనుమానంగా చూశాడు. ఫోను కూడా తక్కువుందనే చెప్పింది. ఈ వారం రోజుల్లో అతను వాయించిన కార్డులు సున్నా. గ్లోరీ మాత్రం అతన్ని రోజూ వాయించింది.

శనివారం పొద్దున దుప్పటి కప్పిన డల్సిమర్‌తో కామారెడ్డి బస్సెక్కుతూ, "నువ్వు గుడ రా. ఆడ తీగ జారితె పక్క నుంచి బిగిద్దువు" అన్నాడు.

"సార్ అడిగితె ఏమని చెప్పాలె?"

"మా ఆమె అని చెప్పు. అది నిజమే గద!"

బస్సులో ముందు సీటు పెద్దాయన రెండుసార్లు గాలి పీల్చి, "బజ్జీలు ఏడికి తీస్కపోతున్రు?" అని అడిగాడు. రాజ్‌కుమార్ దుప్పటి ఇంకాస్త బిగించాడు.

హాల్లో అడుగుపెట్టేసరికి విచిత్రంగా అందరి డల్సిమర్ల మీదా దుప్పట్లే. రామారెడ్డి భజన బృందం పెద్ద సిద్ధిరాములు దుప్పటి మీద తువ్వాలు కూడా కప్పాడు. కామారెడ్డి కాలేజీ అమ్మాయి హారిక తన దుప్పటి మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. పిట్లం నుంచి వచ్చిన యాకూబు తన పెట్టెను ఒళ్లోంచి దించనే లేదు.

"ఏంటండీ, అందరికీ చలిపెడుతోందా?" అన్నారు దేవరాజ్ సార్. "తీయండి, శ్రుతి చూద్దాం."

"మొదట పెద్దాయన తీస్తడు సార్" అన్నాడు రాజ్‌కుమార్.

"చదువుకున్న పిల్ల ఉండంగ నేనెట్ల తీస్త?" అన్నాడు సిద్ధిరాములు.

"యాకూబన్న దూరం నుంచి వచ్చిండు సార్, పాపం" అంది హారిక.

"నాకేం తొందర లేదు సార్, సాయంత్రం దాక బస్సులున్నయి" అన్నాడు యాకూబు.

దేవరాజ్ సార్ ఆరు దుప్పట్లూ తానే లాగేశారు. హాలంతా కొబ్బరి, పసుపు, నిమ్మకాయ, బజ్జీల వాసన కలిసి ఒక కార్డులా మోగింది.

"కొత్తది ఇంటికొస్తె కొబ్బరికాయ కొట్టకుంటె ఎట్ల సార్?" అన్నాడు సిద్ధిరాములు నేల చూపులు చూస్తూ. "బండికైతె చక్రం ముందట కొడుతం. దీనికి చక్రం లేదని మా ఇంటామె దీని మీదనే కొట్టింది."

"తడి తగలొద్దని చెప్పాను కదండీ!"

"గది తడి అనుకోలె సార్. తీర్థం అనుకున్నం."

హారిక గొంతు సన్నగా వచ్చింది. "మా నానమ్మ బొట్లు వెట్టింది సార్. అరవై తీగలకు అరవై. మల్ల దిష్టి తగుల్తదని నిమ్మకాయలు కట్టింది. తీగలు తుప్పు వట్టినయి. వారమంత గవే గీకిన."

"మాది ఆలివ్ నూనె సార్" అన్నాడు యాకూబు, తనది మేలురకం పాపం అన్నట్టు. తక్కిన ఇద్దరూ అడగకముందే చెంపలు వేసుకున్నారు.

రాజ్‌కుమార్‌కు వారం రోజుల బరువు దిగిపోయింది. ఇలాంటి అవ్వ లోకంలో తన ఒక్కడికే లేదు. దేవరాజ్ సార్ మాత్రం కుర్చీలో కూలబడ్డారు. నరాలని తనే చెప్పిన తీగల వైపు నరాలు తెగేంత సేపు చూశారు. తర్వాత లేచి, తన సొంత డల్సిమర్ తెచ్చి మధ్యలో పెట్టారు.

"దీన్నెవరూ దీవించలేదు కాబట్టి బాగుంది. ఒక్కొక్కరూ వచ్చి మూడు కార్డులు వాయించండి. వాయించినవాళ్లకే సర్టిఫికెట్టు. మాట మార్చను."

సిద్ధిరాములు వచ్చాడు. ఒక దెబ్బ సరిగ్గా కొట్టి రెండోది వెతుక్కున్నాడు. హారికకు డి వచ్చింది, జి రాలేదు. యాకూబుకు జి వచ్చింది, డి రాలేదు. తక్కిన ఇద్దరికీ చెమటలు వచ్చాయి. వారమంతా గీకినవాళ్లు, కడిగినవాళ్లే గానీ వాయించినవాళ్లు ఎవరూ లేరు.

రాజ్‌కుమార్ వంతు వచ్చింది. రేపటి పండుగ, అచ్చయిన పేరు, పద్దెనిమిదేళ్ల కుర్చీ... అన్నీ ఆ రెండు సుత్తుల మీదకు వచ్చి కూర్చున్నాయి. బరువుకు సుత్తి జారి పక్క తీగ మీద పడింది.

"అది గాదు, దాని పైది" అని వెనక నుంచి గ్లోరీ గుసగుస.

మళ్లీ కొట్టాడు.

"ఒకటి ఇడువు. ఇడువమంటె ఇడువవేందయ్యా!"

హాలు ముసిముసిగా నవ్వింది. రాజ్‌కుమార్‌కు ఒళ్లు మండింది. "అంత వస్తె నువ్వే కొట్టు! దా, కొట్టు జూద్దాం!" అని సుత్తులు ఆమె చేతిలో పెట్టాడు.

గ్లోరీ కొంగు నడుముకు చెక్కుకుంది. తీగల వంక పెద్దగా చూడను కూడా చూడలేదు. ఒకటి కొట్టింది, ఒకటి విడిచింది, ఒకటి కొట్టింది, ఒకటి విడిచింది, ఒకటి కొట్టింది. డి కార్డు హాలు నాలుగు మూలలా తిరిగి వచ్చింది. అది చల్లారకముందే జి. దాని వెనకే ఎ. మళ్లీ డి దగ్గరకు వచ్చి, తుడిచాక గుడ్డ మడతపెట్టినంత మామూలుగా సుత్తులు పక్కన పెట్టింది.

దేవరాజ్ సార్ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "ఏ బ్యాచమ్మా మీరు? ఎక్కడ నేర్చుకున్నారు?"

"నేర్సుకోలె సార్. తుడిసిన" అంది గ్లోరీ. "ఆ చివరి తీగ జర తక్కువుంది సార్, బిగించుమంటరా?"

దేవరాజ్ సార్ ఫోను తీసి చూశారు. తక్కువే ఉంది. ఆయన సర్టిఫికెట్టు ముందుకు లాక్కుని, "ఈవిడ ఎవరు?" అని అడిగారు.

"మా ఆమె సార్" అన్నాడు రాజ్‌కుమార్. ఆ మాటలో గర్వం ఎంతో, కడుపుమంట ఎంతో ఎవరూ తూకం వేయలేదు. చప్పట్లు మొదలుపెట్టింది మాత్రం అతనే. సిద్ధిరాములు అందుకున్నాడు, హారిక ఈల వేసింది.

తిరుగు బస్సులో డల్సిమర్ గ్లోరీ ఒళ్లో ఉంది, సర్టిఫికెట్టు డల్సిమర్ మీద ఉంది. రాజ్‌కుమార్ కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు.

"కోపమొచ్చిందా?" అంది గ్లోరీ.

"కోపమెందుకు? పటం సదివింది నేనే గద."

"అవును. నువ్వు సదవకపోతె నాకెట్ల వస్తుండె?" అంది ఆమె. అందులో వెటకారం ఉందేమోనని వెతికాడు. దొరకలేదు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

"పాస్టరుగారికి నేనే ఫోను జేస్త" అన్నాడు చివరకు. "కాయిదంల నా పేరు కొట్టేసి నీ పేరు రాయమంట. కుర్చీ నీదే."

"మల్ల నువ్వు?"

"నాకేం? నేను గుడ ఏదో ఒకటి జేస్తగని."

మర్నాడు కోత పండుగ. గుమ్మడికాయలు, వడ్ల కంకులు, చెరుకుగడలతో చర్చి నిండిపోయింది. జీవన్ ఒక్క వేలితో వయొలిన్లను ఏడిపించాడు. ఆ పక్కన గ్లోరీ పెద్దగా ఆర్భాటం లేకుండా మూడు కార్డులు మార్చి మార్చి వాయిస్తుంటే, మూడో పాటకు జీవన్ వేలు తీసేసి వింటూ కూర్చున్నాడు. రాజ్‌కుమార్ కూడా మొదటి నుంచి చివరిదాకా డల్సిమర్ దగ్గరే ఉన్నాడు. డల్సిమర్ పెట్టిన బల్లకు ఒక కాలు పొట్టిదైతే కింద కూర్చుని దాన్ని అతనే పట్టుకున్నాడు.